దౌత్య అధ్యయనాల్లో పీహెచ్‌డీ: విశాఖ పీజీ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంఏ చివరి సెమిస్టర్ దగ్గరపడేసరికి ఏటా అవే సందేహాలు తిరిగి వస్తుంటాయి. క్లాసు అయ్యాక కొందరు, ఫోన్లో కొందరు, ఊరికి వెళ్లి ఇంట్లోవాళ్లతో మాట్లాడి వచ్చాక మరికొందరు అడుగుతుంటారు. అందుకే వాటిని ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న మీదైతే నేరుగా అక్కడికే వెళ్లండి. నిబంధనల విషయంలో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 పీహెచ్‌డీ నిబంధనలను ఆధారంగా తీసుకున్నాను. మీరు చేరబోయే యూనివర్సిటీ వాటికి తన షరతులు కలుపుతుంది కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ కూడా తప్పకుండా చదవండి.

## ఎంఏలో ఉండగా

దౌత్యం, విదేశాంగ విధానం, అంతర్జాతీయ సంబంధాలు: మూడూ ఒకటే కదా?

పరీక్షలో మూడూ ఒకే పేపర్లో వస్తాయి కాబట్టి అలా అనిపిస్తుంది. పరిశోధనకు వచ్చేసరికి విడదీసి చూడాలి. ఒక దేశం ఏం కోరుకుంటోంది, ఎందుకు కోరుకుంటోంది అన్నది విదేశాంగ విధానం. యుద్ధాలు, వాణిజ్యం, అంతర్జాతీయ సంస్థలు, బలాబలాలు అన్నీ కలిసిన పెద్ద రంగం అంతర్జాతీయ సంబంధాలు. కోరుకున్నదాన్ని అవతలి దేశంతో మాట్లాడి, ఉత్తరాలు నడిపి, బేరమాడి, ఒప్పందంగా రాయించుకునే పని దౌత్యం. 1972 జులైలో కుదిరిన సిమ్లా ఒప్పందాన్నే తీసుకోండి. యుద్ధం గెలిచాక పాకిస్తాన్ నుంచి భారత్ ఏం ఆశించింది అన్నది విదేశాంగ విధానం ప్రశ్న. సిమ్లాలో ముసాయిదా ఎవరి చేతుల్లో ఎలా మారింది, ఏ వాక్యం ఉంది, ఏది పోయింది అన్నది దౌత్యం ప్రశ్న. రెండో రకం ప్రశ్నలు మిమ్మల్ని నిద్రపోనివ్వకపోతే మీరు సరైన దారిలోనే ఉన్నట్టు.

నాది పొలిటికల్ సైన్స్ కాదు. హిస్టరీ లేదా లా చదివినవాళ్లు ఈ రంగంలోకి రావచ్చా?

రావచ్చు. పాత ఫైళ్లు చదవడం, ఒక ఆధారాన్ని మరో ఆధారంతో సరిచూడడం హిస్టరీ విద్యార్థికి ముందే అలవాటు. 1961 నాటి వియన్నా దౌత్య సంబంధాల ఒప్పందం, 1963 నాటి కాన్సులర్ ఒప్పందం, సముద్ర చట్టం వంటివి లా విద్యార్థికి సొంతిల్లు లాంటివి. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, ఆంధ్రా యూనివర్సిటీ అంబేడ్కర్ న్యాయ కళాశాల దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి లా వైపు నుంచి రావాలనుకునేవారు ఊరు దాటక్కర్లేదు. ఒక్కటి మాత్రం చూసుకోండి. కొన్ని డిపార్ట్‌మెంట్లు అనుబంధ సబ్జెక్టుల జాబితా ఇచ్చి, అందులో ఉన్న పీజీలనే తీసుకుంటాయి. ఆ జాబితాలో మీ పీజీ లేకపోతే ఎంత మంచి ప్రతిపాదనతో వెళ్లినా అప్లికేషన్ దగ్గరే ఆగిపోతుంది.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషులో థీసిస్ రాయగలనా అని టెన్షన్‌గా ఉంది.

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామంది పాడేరు, పలాస, పార్వతీపురం వైపు నుంచి వచ్చినవాళ్లు, చక్కగా ఆలోచించగలిగినవాళ్లు. వాళ్లు ఈ ఒక్క భయంతో వెనక్కి తగ్గడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. థీసిస్‌కి కావలసింది స్పష్టమైన ఇంగ్లీషు. అలంకారాలు ఎవరూ అడగరు. దౌత్య పత్రాల భాష నవలల భాష కంటే తేలిక కూడా, ఎందుకంటే అందులో వాడే మాటలు పరిమితం, మళ్లీ మళ్లీ అవే వస్తాయి.

ఎంఏ మొదటి ఏడాది నుంచే ఒక పని పెట్టుకోండి. విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో ఏదో ఒక ఉమ్మడి ప్రకటన తీసుకుని, దాని సారాంశాన్ని రోజూ ఒక పేజీ ఇంగ్లీషులో రాయండి. అదే రెండు దేశాల మధ్య అంతకు ముందు వచ్చిన ప్రకటనను పక్కన పెట్టి, ఏం చేరింది, ఏం పోయింది అన్నది ఇంకో అరపేజీ రాయండి. ఇది భాషకూ పరిశోధనకూ కలిపి చేసే సాధన. వాదం ఎక్కడైనా చిక్కుపడితే ముందు తెలుగులోనే రాసుకోండి. తెలుగులో తేలనిది ఇంగ్లీషులోనూ తేలదు.

మీ తెలుగు మీకొక ఆస్తి అని కూడా గుర్తుంచుకోండి. 1950ల, 60ల తెలుగు దినపత్రికలు, ఉత్తరాంధ్ర వలస కుటుంబాల జ్ఞాపకాలు, మత్స్యకారుల గ్రామాల్లోని అర్జీలు ఢిల్లీ పరిశోధకుడికి అందవు. మీకు అందుతాయి.

పీహెచ్‌డీ చేస్తే రాయబారిని అవుతానా?

అవరు. ఇండియన్ ఫారిన్ సర్వీస్‌కి దారి యూపీఎస్సీ సివిల్స్ పరీక్ష. దానికి డిగ్రీ చాలు, పీహెచ్‌డీకి అదనపు మార్కులు లేవు. రాధాకృష్ణన్ గారి ఉదాహరణ తరచూ వినిపిస్తుంది. ఆయన 1931 నుంచి 1936 వరకు ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు, 1949లో మాస్కోకు భారత రాయబారిగా వెళ్లారు. కొత్తగా స్వతంత్రం వచ్చిన రోజుల్లో ప్రభుత్వం బయటి పెద్దలను అలా నియమించింది. ఇప్పుడు దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోకూడదు. సివిల్స్, పీహెచ్‌డీ రెండూ ఒకేసారి చేద్దామనుకునేవారికి నా సలహా: ముందు ఏది ముఖ్యమో తేల్చుకోండి. రెండూ మీ రోజంతా అడుగుతాయి.

నాలుగేళ్ల డిగ్రీ అయ్యాక నేరుగా పీహెచ్‌డీలో చేరొచ్చా?

నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులుంటే నిబంధనలు ఒప్పుకుంటాయి. పీజీ చేసినవారికి 55 శాతం చాలు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ వారికి 5 శాతం సడలింపు ఉంది. అయినా ఈ రంగంలో పీజీ చేసి రావడమే మేలని నా అభిప్రాయం. ఫైళ్లు చదవడానికి చాలినంత చరిత్ర, చట్టం డిగ్రీలో పట్టుబడవు.

## సీటు, గైడు, డబ్బు

నెట్ ఏ సబ్జెక్టులో రాయాలి?

నెట్ అంటే లెక్చరర్ అర్హతకూ పీహెచ్‌డీ ప్రవేశానికీ పనికొచ్చే జాతీయ పరీక్ష. దాన్ని పొలిటికల్ సైన్స్‌లో రాయొచ్చు. అంతర్జాతీయ, ప్రాంతీయ అధ్యయనాలకు విడిగా పేపర్ ఉంది. డిఫెన్స్, స్ట్రాటజిక్ స్టడీస్‌కి ఇంకొకటి. మీ పీజీ ఏదో, రేపు ఏ డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం వెతుక్కుంటారో చూసుకుని ఎంచుకోండి. రాష్ట్రంలోని డిగ్రీ కాలేజీల్లో పోస్టులు ఎక్కువగా పొలిటికల్ సైన్స్ పేరుతోనే ఉంటాయి కాబట్టి ఆ పీజీ ఉన్నవారికి అదే క్షేమం. మొదటి పేపర్లో 50, రెండో దాంట్లో 100 ప్రశ్నలు, మొత్తం 300 మార్కులు, మూడు గంటలు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు.

2024 జూన్ నుంచి నెట్ ఫలితాల్లో మూడు వర్గాలున్నాయి: జేఆర్ఎఫ్ (పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వచ్చినవారు, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హులు, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హులు. చివరి రెండు వర్గాల వారికి నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. ఆ మార్కులు పీహెచ్‌డీ ప్రవేశానికి ఒక ఏడాదే చెల్లుతాయి. మన రాష్ట్ర యూనివర్సిటీల సీట్ల కోసం ఏపీఆర్‌సెట్ (రాష్ట్ర పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష) నోటిఫికేషన్లను కూడా గమనిస్తూ ఉండండి. ఏపీసెట్ వేరు, అది లెక్చరర్ అర్హత పరీక్ష. ఈ రెండు పేర్లు కలిపేసుకుని అప్లికేషన్ గడువు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

విశాఖలోనే చేయాలా, ఢిల్లీ వెళ్లాలా?

మీ ఆధారాలు ఎక్కడున్నాయో దాన్నిబట్టి చెప్పాలి. నెహ్రూ కాలపు కేబినెట్ స్థాయి నిర్ణయాల మీద పని చేయాలంటే ఢిల్లీలో ఉండడం నిజంగా సౌకర్యం. జాతీయ ఆర్కైవ్స్, తీన్‌మూర్తిలోని ప్రధానమంత్రుల మ్యూజియం లైబ్రరీ, భారత ప్రపంచ వ్యవహారాల మండలి ఉండే సప్రూ హౌస్ అన్నీ అక్కడే. జేఎన్‌యూ అంతర్జాతీయ అధ్యయనాల స్కూల్‌కి 1955 నుంచి వస్తున్న సంప్రదాయం ఉంది, అక్కడ తోటి పరిశోధకుల నుంచే సగం నేర్చుకుంటారు. దక్షిణాదిలో కొట్టాయంలోని మహాత్మా గాంధీ యూనివర్సిటీ, పాండిచ్చేరి యూనివర్సిటీ కూడా చూడదగ్గవి.

బంగాళాఖాతం, నౌకాదళ దౌత్యం, రేవులు, వలసలు, మత్స్యకారుల విషయాలైతే మాత్రం విశాఖ వదిలి వెళ్లాల్సిన పనే లేదు. ఏడాదికోసారి ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీలో కొన్ని వారాలు ఫైళ్లు చూసి వస్తే సరిపోతుంది.

గైడ్‌ని ఎలా ఎంచుకోవాలి? ఎవరు ఒప్పుకుంటే వారేనా?

పేరు చూసి కాకుండా పని చూసి వెళ్లండి. థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఆయన లేదా ఆవిడ దగ్గర పూర్తయిన థీసిస్‌లు తీసి, ఆధారాల జాబితా చదవండి. అన్నీ పత్రికా వ్యాసాలూ పాఠ్యపుస్తకాలే అయితే ఆర్కైవ్స్ పనిలో మీకు అక్కడ దారి చూపేవారు దొరకరు. ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 మంది వరకే స్కాలర్లు ఉండొచ్చు. రిటైర్మెంట్‌కి మూడేళ్ల లోపు ఉన్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. ఖాళీ ఉందో లేదో మర్యాదగా ముందే అడగొచ్చు, ఎవరూ తప్పు పట్టరు.

మొదటిసారి కలవడానికి వెళ్లేటప్పుడు "ఏదైనా టాపిక్ ఇవ్వండి సార్" అని అడగకండి. మీకు నచ్చిన ప్రశ్న, మీరు చూసిన రెండు మూడు అసలు పత్రాలు, ఒక పేజీ నోటు పట్టుకెళ్లండి. ఆ ఒక్క పేజీతో మీ మీద వారి అభిప్రాయం మారుతుంది.

ఉద్యోగం చేస్తూ పార్ట్ టైమ్‌లో కుదురుతుందా?

యజమాని నుంచి నిరభ్యంతర పత్రం ఉంటే కుదురుతుంది. దూరవిద్యలో మాత్రం పీహెచ్‌డీ లేదు, ఎవరైనా ఉందంటే నమ్మకండి. నౌకాదళంలో, పోర్టులో, పాస్‌పోర్ట్ ఆఫీసులో పని చేసేవారు ఈ దారిలో రావడం సహజం. ఉద్యోగరీత్యా చూసిన రహస్య కాగితాలను థీసిస్‌లో వాడకూడదని మాత్రం మొదటి రోజే గీత గీసుకోవాలి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది.

జేఆర్ఎఫ్ రాకపోతే బతికేదెలా?

జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. రాకపోతే ఐసీఎస్ఎస్ఆర్ (సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి) డాక్టోరల్ ఫెలోషిప్‌కి అప్లై చేయండి, చారిత్రక అంశమైతే ఐసీహెచ్ఆర్ (చరిత్ర పరిశోధన మండలి) కూడా ఉంది. ఎస్సీ, ఓబీసీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే ప్రత్యేక జాతీయ ఫెలోషిప్‌లు నెట్ మెరిట్‌తో ముడిపడి ఉంటాయి. ఎస్టీ విద్యార్థులు గిరిజన వ్యవహారాల శాఖ ఫెలోషిప్ నోటిఫికేషన్ విడిగా చూసుకోవాలి. ఇవేవీ లేకుండా చేరాల్సి వస్తే, ఇంట్లో మొదటి రెండేళ్ల ఖర్చు గురించి దాపరికం లేకుండా మాట్లాడుకుని చేరండి. మధ్యలో డబ్బు లేక ఆగిపోయిన మంచి పరిశోధనలు చాలా ఉన్నాయి.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

మీ ప్రతిపాదన మీదే ఎక్కువ అడుగుతారు. ఈ ప్రశ్న ఎందుకు, ఇప్పటికే ఎవరు రాశారు, ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి, మూడేళ్లలో అవుతుందా అన్నవి దాదాపు ఖాయం. ఆ ఉదయం పేపర్లో వచ్చిన విదేశీ వార్త గురించీ ఒకటి అడగొచ్చు. తెలియనిదానికి "తెలియదు సార్, చూస్తాను" అని చెప్పడం నయం.

## అంశం ఎంపిక

"భారత్–చైనా సంబంధాలు: ఒక విశ్లేషణ" అనుకున్నాను. సరిపోతుందా?

సరిపోదు. ఇలాంటి శీర్షికతో మొదలుపెట్టినవాళ్లు మూడో ఏట కూడా నేపథ్యం అధ్యాయమే రాస్తూ కనిపిస్తారు. అంశం అంటే ఒక ప్రశ్న ఉండాలి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల కాగితాలు మీ చేతికి అందేవిగా ఉండాలి. నేను విద్యార్థులకు చెప్పేది ఒకటే: ముందు కాగితం వెతకండి, తర్వాత అంశం రాసుకోండి. కాగితం దొరకని ప్రశ్న ఎంత గొప్పదైనా వ్యాసానికి పనికొస్తుంది, థీసిస్‌కి కాదు.

అదే భారత్–చైనాను కుదించి చూద్దాం. 1950 అక్టోబరు మొదట్లో, అమెరికా సేనలు కొరియాలో 38వ అక్షాంశం దాటితే చైనా యుద్ధంలోకి దిగుతుందని ఆ దేశ ప్రధాని చౌ ఎన్‌లై బీజింగ్‌లోని మన రాయబారి కె.ఎం. పణిక్కర్‌ని పిలిచి చెప్పారు. ఆ హెచ్చరిక ఢిల్లీ మీదుగా లండన్, వాషింగ్టన్ చేరింది. వాషింగ్టన్ నమ్మలేదు. పణిక్కర్ చైనా పట్ల మెతకగా ఉంటారన్న అభిప్రాయం అందుకు ఒక కారణం. ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది: మధ్యవర్తి మీద నమ్మకం లేకపోతే సందేశం విలువ ఏమవుతుంది? దీనికి పణిక్కర్ సొంత రాతలు ఉన్నాయి, అమెరికా ప్రచురించిన పత్రాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి, బ్రిటిష్ ఫైళ్లు తెరిచి ఉన్నాయి, చైనా వైపు కొన్ని పత్రాల ఇంగ్లీషు అనువాదాలు అమెరికాలోని విల్సన్ సెంటర్ డిజిటల్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. నాలుగు వైపుల కాగితాలూ మీ ముందుంటాయి. ఇలా కుదించిన ప్రశ్నను పరిశోధన అంటారు.

నిన్న మొన్నటి సంఘటనల మీద మాత్రమే అంశం పెట్టుకోవడం కూడా కష్టమే. వాటి ఫైళ్లు తెరుచుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. చివరికి పత్రికా కథనాల మీద ఆధారపడి, పత్రికల్లో ఉన్నదే తిరిగి రాయాల్సి వస్తుంది.

దౌత్యం ఢిల్లీలో జరుగుతుంది. విశాఖలో కూర్చుని ఏం పరిశోధిస్తాం?

కంచరపాలెం వైపు బర్మా క్యాంపు మీదుగా చాలాసార్లు వెళ్లి ఉంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? ఉత్తరాంధ్ర నుంచి తరతరాలుగా జనం రంగానికి, అంటే రంగూన్‌కి, పనులకు వెళ్లారు. 1962లో బర్మాలో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసింది. లక్షల మంది భారతీయులు ఆస్తులు వదిలి ఓడలెక్కి తిరిగొచ్చారు. ఆ సమయంలో ఢిల్లీ, రంగూన్‌ల మధ్య ఏం మాటలు నడిచాయి? ఆస్తుల పరిహారం గురించి ఏం అడిగారు, ఏం వదులుకున్నారు? ఓడల ఏర్పాటు ఎవరి బాధ్యత? ఆనాటి బర్మా ఫైళ్లు జాతీయ ఆర్కైవ్స్‌లో వెతకొచ్చు, తిరిగొచ్చిన కుటుంబాల పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్లు ఉండగానే ఎవరో ఒకరు ఈ పని చేయాలని నా కోరిక.

మరొకటి మత్స్యకారులది. 2018 చివర్లో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్‌కి పట్టుబడిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరారు. 2008లో భారత్, పాకిస్తాన్ కాన్సులర్ సౌకర్యంపై (ఖైదీలను వారి దేశ అధికారులు కలిసే వీలుపై) ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. సంబంధాలు పూర్తిగా చెడిన ఏడాదుల్లో కూడా ఆ జాబితాలు ఆగలేదు. మిగతా మాటలన్నీ ఆగినప్పుడు ఇది ఎలా నడుస్తోంది? గ్రామం నుంచి జిల్లా కలెక్టర్, రాష్ట్ర ప్రభుత్వం, ఢిల్లీ, ఇస్లామాబాద్ దాకా ఒక అర్జీ ఎలా ప్రయాణిస్తుంది? ఈ ప్రశ్నకు సగం ఆధారాలు మన తీరంలోనే ఉన్నాయి.

ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లో జపాన్ ఉక్కు మిల్లులతో కుదిరిన ఒప్పందం, దాని కోసం పుట్టిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఇంకొకటి. విశాఖ ఉక్కు కోసం 1979లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మరొకటి. ఉక్కు ఉద్యమం నినాదం మనందరికీ నోటికి వచ్చు, ఆ ఒప్పందం పాఠం చదివినవాళ్లు తక్కువ. నౌకాదళ దౌత్యం కావాలంటే 2016లో ఇక్కడ జరిగిన అంతర్జాతీయ నౌకా సమీక్ష, పలు దేశాల నౌకాదళాలు పాల్గొన్న 2022, 2024 మిలన్ విన్యాసాలు ఉన్నాయి. బంగాళాఖాతం దేశాల కూటమి బిమ్స్‌టెక్ రేవుల సదస్సు 2019లో విశాఖలోనే జరిగింది.

రాష్ట్రాలకు విదేశీ వ్యవహారాల్లో అధికారం లేదు కదా, వాటి మీద థీసిస్ ఎలా?

రాజ్యాంగం ప్రకారం విదేశీ వ్యవహారాలు కేంద్ర జాబితాలోవే, ఒప్పందాల అమలుకు 253వ అధికరణ పార్లమెంటుకు అధికారం ఇస్తుంది. అయినా రాష్ట్రాలు ప్రభావం చూపుతాయి. 2011లో పశ్చిమ బెంగాల్ అభ్యంతరంతో బంగ్లాదేశ్‌తో తీస్తా నదీజలాల ఒప్పందం ఆగింది. 2014లో విదేశాంగ శాఖలో రాష్ట్రాల కోసం ఒక విభాగం పెట్టారు. పెట్టుబడుల సదస్సులు, ప్రవాసుల సమస్యలు, సోదర నగరాల ఒప్పందాలు అన్నీ ఈ కోవలోకి వస్తాయి.

థియరీ తప్పనిసరా? నాకు అది అర్థం కాదు.

థియరీ కోసం ఒక అధ్యాయం రాసి మళ్లీ దాని ఊసెత్తని థీసిస్‌లు చాలా చూశాను. అలా రాయడం కంటే ఒక్క ఆలోచనను పట్టుకుని చివరిదాకా వాడడం మేలు. ఉదాహరణకు అమెరికా రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ పట్నం 1988లో ఒక విషయం చెప్పారు: సంధానకర్త ఒకేసారి రెండు బల్లల దగ్గర కూర్చుంటాడు, ఒకటి అవతలి దేశంతో, రెండోది సొంత దేశంలోని పార్టీలు, రాష్ట్రాలు, వర్గాలతో. తీస్తా విషయం చూస్తే ఇది వెంటనే అర్థమవుతుంది. మీ కాగితాలు అడిగే ఆలోచనను ఎంచుకోండి, అది చాలు.

## ఆధారాల కోసం

విదేశాంగ శాఖ ఫైళ్లు ఎవరికీ చూపించరట కదా?

పూర్తిగా నిజం కాదు. పబ్లిక్ రికార్డుల చట్టం 1993, దాని 1997 నియమాల ప్రకారం 25 ఏళ్లు దాటిన శాశ్వత రికార్డులు జాతీయ ఆర్కైవ్స్‌కి వెళ్లాలి. ఆచరణలో కొన్ని విభాగాల ఫైళ్లు బాగా వచ్చాయి, కొన్ని రాలేదు. జాబితాలో పేరుండి, అడిగితే "బదిలీ కాలేదు" అని చీటీ తిరిగి రావడం ఢిల్లీలో పని చేసిన ప్రతి పరిశోధకుడికీ అనుభవమే. అందుకే ఒకే ఫైలు మీద థీసిస్ కట్టకండి.

బయలుదేరే ముందు ఇంట్లోనే జాతీయ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్ వెబ్‌సైట్‌లో వెతికి, ఫైలు నంబరు, సంవత్సరం, శాఖ పేరుతో జాబితా తయారు చేసుకోండి. కొన్ని ఫైళ్లు అక్కడే స్కాన్ రూపంలో కనిపిస్తాయి, వాటికి రైలు ఖర్చు కూడా అక్కర్లేదు. యూనివర్సిటీ నుంచి పరిచయ లేఖ, గుర్తింపు కార్డు తప్పనిసరిగా పెట్టుకోండి. తీన్‌మూర్తిలో ఇందిరా గాంధీ కార్యదర్శిగా పనిచేసిన పి.ఎన్. హక్సర్ వంటివారి సొంత పత్రాలున్నాయి. ప్రభుత్వ ఫైలులో లేని ఉత్తరం ప్రతి కొన్నిసార్లు అక్కడ దొరుకుతుంది.

ఫొటో తీసిన ప్రతి పేజీకి ఆ రాత్రే ఫైలు నంబరు రాసి పెట్టండి. రేపు చూద్దాంలే అనుకుంటే ఆ కాగితం ఏ ఫైలుదో రెండేళ్ల తర్వాత ఎవరూ చెప్పలేరు.

విదేశాలకు వెళ్లే స్తోమత లేదు. అక్కడి పత్రాలు ఎలా?

చాలావరకు ఇంటి నుంచే. అమెరికా విదేశాంగ శాఖ 1861 నుంచి ప్రచురిస్తున్న దౌత్య పత్రాల సంపుటాల్లో ఎక్కువ భాగం ఉచితంగా చదవొచ్చు. 1971 దక్షిణాసియా సంక్షోభం మీద ప్రత్యేకంగా ఒక సంపుటం ఉంది. ఐక్యరాజ్యసమితి డిజిటల్ లైబ్రరీ కూడా ఉచితమే. బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్ కేటలాగ్ ఆన్‌లైన్‌లో వెతకొచ్చు, ఫైలు కావాలంటే మాత్రం డబ్బు కట్టి కాపీ తెప్పించుకోవాలి. అమెరికా వెళ్లి పని చేయాలంటే, ఇక్కడ పీహెచ్‌డీలో నమోదైనవారికి ఫుల్‌బ్రైట్–నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది.

ఒక జాగ్రత్త. అమెరికా పత్రాలు తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి మన చరిత్రను వాళ్ల కళ్లతో రాసేసే ప్రమాదం ఉంది. వాషింగ్టన్‌కి వెళ్లిన తంతిలో ఢిల్లీ గురించి రాసింది ఇక్కడి అమెరికా రాయబారి అభిప్రాయం మాత్రమే. లోక్‌సభ చర్చలు, విదేశాంగ శాఖ వార్షిక నివేదికలు, పార్లమెంటు విదేశీ వ్యవహారాల స్థాయీ సంఘం నివేదికలు దాని పక్కన పెట్టి చదవాలి.

ఆర్టీఐ వేస్తే ఫైళ్లు ఇస్తారా?

పది రూపాయల ఫీజుతో ఆన్‌లైన్‌లో వేయొచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. విదేశాలతో సంబంధాలు దెబ్బతినే సమాచారానికి సెక్షన్ 8(1)(ఎ) కింద మినహాయింపు ఉంది. 20 ఏళ్లు దాటిన సమాచారానికి చట్టం ఇచ్చే వెసులుబాటు కూడా ఈ క్లాజుకు వర్తించదు. కాబట్టి చర్చల లోపలి సంగతులు అడగకండి. ఎంతమంది ఖైదీలు, ఎన్ని సమావేశాలు, ఏ తేదీల్లో, ఎంత ఖర్చు అన్న ప్రశ్నలకు జవాబులు వస్తాయి, థీసిస్‌లో అవీ ముఖ్యమే.

రిటైరైన రాయబారులు నాలాంటి విద్యార్థితో మాట్లాడతారా?

మాట్లాడతారు, మీరు చదువుకుని వెళ్తే. ఈ-మెయిల్‌లో మీరెవరు, ఏ ప్రశ్న మీద పని చేస్తున్నారు, వారు ఏ ఏడాదిలో ఏ పదవిలో ఉన్నప్పటి సంగతి అడగాలనుకుంటున్నారు అన్నది నాలుగు వాక్యాల్లో రాయండి. "మన విదేశాంగ విధానం గురించి చెప్పండి" అంటే ఉపన్యాసం వస్తుంది. "ఆ సమావేశానికి ముందు రోజు సూచనలు ఎవరి నుంచి వచ్చాయి?" అంటే సమాచారం వస్తుంది. రికార్డు చేయొచ్చా, పేరు వాడొచ్చా అని మొదటే అడగండి. ముప్పై ఏళ్ల కిందటి విషయంలో ఎంత పెద్దవారికైనా తేదీలు తారుమారవుతాయి, ఆత్మకథల్లో అయితే తమ పాత్ర కొంచెం పెరుగుతుంది కూడా. కాగితంతో సరిచూడకుండా ఏదీ రాయకండి.

మత్స్యకార కుటుంబాలతో, తిరిగొచ్చిన వలసదారులతో మాట్లాడేటప్పుడు ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. అనుమతి పత్రం తెలుగులో ఉండాలి, చదవలేనివారికి చదివి వినిపించాలి. జైలు రోజుల గురించి వాళ్లు చెప్పకూడదనుకుంటే అక్కడితో ఆపేయండి. థీసిస్‌లో పేర్లు మార్చండి.

## రాయడం, సమర్పించడం

కోర్స్‌వర్క్ తేలిగ్గా తీసుకోవచ్చా?

వద్దు. కోర్స్‌వర్క్ అంటే చేరాక మొదట్లో చదివి పాసవ్వాల్సిన పేపర్లు. కనీసం 12 క్రెడిట్లు, 55 శాతం మార్కులు కావాలి. పరిశోధన, ప్రచురణ నైతికత పేపర్ అందులో భాగం. ఆ ఆరు నెలల్లోనే మీ అంశానికి సంబంధించి ఇంతకుముందు వచ్చిన రచనల సమీక్ష పూర్తి చేసుకుంటే తర్వాత చాలా సమయం మిగులుతుంది.

థీసిస్ ఇవ్వాలంటే పేపర్లు ప్రచురించి తీరాలా?

2022 నిబంధనల్లో ఆ షరతు తీసేశారు, కానీ మీ యూనివర్సిటీ అడగొచ్చు. యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితా (యూజీసీ–కేర్) 2025లో రద్దయింది కాబట్టి జర్నల్ మంచి చెడ్డలు ఇప్పుడు మీరూ మీ గైడూ చూసుకోవాలి. డబ్బు కడితే వారంలో వేస్తామనేవాటి జోలికి పోకండి. ఇండియా క్వార్టర్లీ, ఇంటర్నేషనల్ స్టడీస్, స్ట్రాటజిక్ అనాలిసిస్ మన దేశపు గట్టి జర్నళ్లు. దౌత్యానికే ప్రత్యేకమైనవి కావాలంటే హేగ్ జర్నల్ ఆఫ్ డిప్లొమసీ, డిప్లొమసీ అండ్ స్టేట్‌క్రాఫ్ట్ చదువుతూ ఉండండి. 2025 జనవరి నుంచి ఒకే దేశం ఒకే చందా పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థల వారికి వేల జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. మీ లైబ్రరీలో లాగిన్ అడిగి తీసుకోండి.

ఏఐతో రాయించుకుంటే తప్పా? ప్లేజరిజం ఎంత వరకు ఒప్పుకుంటారు?

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలిక ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 అయితే సరిచేసి మళ్లీ ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఏఐ సంగతికొస్తే, అది లేని ఫైలు నంబర్లనూ, ఎవరూ రాయని వ్యాసాలనూ ఉన్నట్టే చెప్పేస్తుంది. మన రంగంలో ప్రతి వాక్యం ఒక కాగితం మీద నిలబడాలి. పరీక్షకుడు ఒక్క ఫైలు నంబరు వెతికి అది లేదని తేలితే మిగతా మూడు వందల పేజీల మీద కూడా నమ్మకం పోతుంది.

ఇంట్లో పెళ్లి చేస్తామంటున్నారు. మధ్యలో ఆపాల్సి వస్తే?

మామూలు గడువు ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు. మహిళలకు, దివ్యాంగులకు ఆ పైన మరో రెండేళ్ల సడలింపు, మొత్తం పదేళ్లకు మించకూడదు. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు తీసుకోవచ్చు. పెళ్లై వేరే ఊరు వెళ్లాల్సి వస్తే పరిశోధన సమాచారాన్ని అక్కడి యూనివర్సిటీకి మార్చుకునే వీలు కూడా నిబంధనల్లో ఉంది. ఈ కాగితం ప్రింట్ తీసి ఇంట్లో పెద్దవాళ్లకూ, కాబోయేవారికీ చూపించండమ్మా. చదువు ఆపేయాల్సిందే అనుకుని సీటు వదులుకున్న అమ్మాయిలకు ఈ నిబంధనల సంగతి ముందు ఎవరూ చెప్పలేదు.

వైవాలో ఏం జరుగుతుంది?

బయటి పరీక్షకులు ఇద్దరు థీసిస్ చదివి నివేదికలు ఇస్తారు. అవి అనుకూలంగా ఉంటే వైవా, అంటే మౌఖిక పరీక్ష జరుగుతుంది, దానికి డిపార్ట్‌మెంట్ అధ్యాపకులూ విద్యార్థులూ రావచ్చు. మీరు వాడని ఆధారం గురించే ఎక్కువ ప్రశ్నలు వస్తాయి: ఫలానా దేశం వైపు పత్రాలు ఎందుకు చూడలేదు అని. చూడడానికి ప్రయత్నించి దొరకకపోతే ఎప్పుడు అడిగారో, ఏ జవాబు వచ్చిందో తేదీతో చెప్పండి. అందుకే తిరస్కరించిన చీటీలు, ఆర్టీఐ జవాబులు కూడా దాచి పెట్టాలి.

ఇంత చేశాక ఉద్యోగం ఎక్కడ?

డిగ్రీ కాలేజీలు, యూనివర్సిటీలు మొదటి దారి. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు నెట్ లేదా సెట్ ఉండడం మంచిది కాబట్టి పీహెచ్‌డీ చేస్తూనే అది పూర్తి చేయండి. ఢిల్లీలో భారత ప్రపంచ వ్యవహారాల మండలి, మనోహర్ పారికర్ రక్షణ అధ్యయన సంస్థ, నేషనల్ మారిటైమ్ ఫౌండేషన్ రిసెర్చ్ ఫెలోలను తీసుకుంటాయి. విదేశాంగ శాఖ కూడా అప్పుడప్పుడు కన్సల్టెంట్ల కోసం ప్రకటన ఇస్తుంది. బంగాళాఖాతం దేశాల మీద, వాటి భాషల్లో ఒకదానితో కలిపి పని చేసినవారు మన దేశంలో బాగా తక్కువ. బెంగాలీ గానీ, బర్మీస్ గానీ, సింహళం గానీ పీహెచ్‌డీ మొదటి ఏట మొదలుపెడితే, థీసిస్ ఇచ్చేనాటికి పత్రిక చదివేంత వస్తుంది. ఆ దేశాల మీద పనిచేసే సంస్థల ఇంటర్వ్యూల్లో అది మీకు బాగా ఉపయోగపడుతుంది.